బోర్లించిన గ్లాసులు

నిదానం గారు ఉద్యోగంలోంచి రిటైరై ఐదేళ్ళు దాటింది గాని, ఆయన నోట్లోంచి ఆ గది మాత్రం రిటైర్ కాలేదు. పొద్దున టీ తాగుతూ ఆ గది కబుర్లే, మధ్యాహ్నం కంచం ముందు ఆ గది కబుర్లే. సాయంత్రం పార్కు బెంచీ మీద ఎవడు దొరికితే వాడికి మళ్ళీ అవే. చెప్పేవాడికి వినేవాడు లోకువని ఊరికే అన్నారా! ఆయన అసలు పేరు ఆఫీసులో ఎవరూ వాడేవారు కాదు. ఎవరు ఏ పని పట్టుకొచ్చినా “నిదానం, నిదానం” అనేవాడు కాబట్టి ఆ పేరే ఖాయమైపోయింది. పాలుపోసే మనిషి కూడా ఆ ఇంటిని నిదానం గారిల్లనే అంటాడు.

ఇంతకీ ఆ గదిలో ఏం చేసేవారంటే, రాసేవారు. యంత్రాలు తయారుచేసే కంపెనీ అది. కింద ఫ్యాక్టరీలో నీళ్ళ మోటారు తయారైనా, తూకం యంత్రం తయారైనా, కొన్నవాడు దాన్ని ఎలా వాడాలో చెప్పే పుస్తకం మూడో అంతస్తు చివరనున్న ఆ పొడవాటి గదిలో తయారయ్యేది. “ముందు మోటారు ఆపి, ఆ తర్వాత మూత తీయండి” అన్న ఒక్క వాక్యం కోసం పూటంతా తలపట్టుకు కూర్చునే మనుషులు వాళ్ళు. చూసేవాళ్ళకి అది పనిలాగే ఉండదు. ఒక మనిషి కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంటే, ఆలోచిస్తున్నాడో కునుకు తీస్తున్నాడో ఎవడు చెప్పగలడు? మట్టి మోసేవాడి తట్టలు లెక్కపెట్టొచ్చు గాని, బుర్రతో పనిచేసేవాడి దగ్గర ఏం లెక్కపెడతావు? అలాంటివాళ్ళ చేత పని చేయించడం ఒక విద్య అనీ, అది తనకు పట్టుబడిందనీ నిదానం గారి గట్టి నమ్మకం.

ఆ విద్య పేరు గ్లాసు బోర్లించడం.

ఆయన ఉద్యోగంలో కొత్తగా ఉన్న రోజుల సంగతి. ఒక మోటారు పుస్తకం మీద కూర్చున్నాడు. పక్కబల్ల ఆయన వచ్చి పెన్సిలడిగాడు. ఎదురుబల్ల ఆయన వచ్చి వాళ్ళ బామ్మర్ది ఉద్యోగం గురించి మొదలెట్టాడు. వాక్యం ఒక కొలిక్కి వచ్చేసరికి ఎవడో ఒకడు భుజం తట్టడం, అది కాస్తా ఎగిరిపోవడం. ఆఖరికి ఒళ్ళుమండి, బల్ల మీదున్న గ్లాసులో నీళ్ళు గడగడా తాగేసి, దాన్ని ధన్‌మని బోర్లించాడు. నేను మళ్ళీ దీన్ని నిలబెట్టేదాకా పైకప్పు కూలినా సరే నన్ను పలకరించొద్దన్నాడు. అందరూ నవ్వారు. మర్నాడు పెన్సిలాయన కూడా తన గ్లాసు బోర్లించాడు. ఇంకొన్నాళ్ళకి గది మొత్తం ఆ ఆచారం పాకిపోయింది. గ్లాసు బోర్లా ఉన్నవాణ్ణి పలకరిస్తే ఆ పూట గదిలో అందరికీ టీ ఖర్చు పలకరించినవాడిదే. అప్పటి పెద్ద అధికారికి గొడవ లేకుండా ఉంటే చాలు, సరేనన్నాడు.

ఈ కథకి రెండో భాగం ఉంది. అది చెప్పేటప్పుడు ఆయన గొంతు మెత్తబడుతుంది. ఆ గదిలోకి కొత్తగా ఒక అమ్మాయి చేరింది. మాటల పుట్ట. వచ్చిన వారానికే ఆమెకు వసపిట్ట అని పేరు పెట్టేశారు. మధ్యాహ్నం భోజనాలు కాగానే స్టీలు జగ్గు పట్టుకుని బల్లబల్లకీ తిరిగి, అందరి గ్లాసులూ ఎత్తి నీళ్ళు పోసేది. రోజూ తప్పకుండా ముందు నిదానం గారి బల్ల దగ్గరికే వచ్చేది. కాస్త వంగి, నవ్వి, నీళ్ళు పోసేది. ఇంకేముంది, కుర్రాడు పడిపోయాడు. ఏడాది తిరక్కుండా పెళ్ళి.

“మా ఆవిడ నన్ను నీళ్ళు పోసి పెంచింది,” అనేవాడు పార్కులో, మురిసిపోతూ. పక్కనే ఆవిడ ఉంటే, “ఆ, అలాగే అనుకోండి,” అని ఊరుకునేది.

పెళ్ళయ్యాక కూడా ఆవిడ కొన్నేళ్ళు అక్కడే పనిచేసింది. కూతురు పుట్టాక ఇంట్లో ఒకరు ఉండాలి కదా అనుకున్నారు, ఆ ఒకరు ఎవరన్నది పెద్దగా చర్చకు రాలేదు. ఆవిడ మానేసింది. ఆ కూతురు పెళ్ళై ఇప్పుడు ఊరి ఆ చివర కాపురం ఉంటోంది.

ఒక ఆదివారం పొద్దున్నే కొత్తమ్మాయి వచ్చింది. కొత్తమ్మాయి అంటే నిన్నో మొన్నో చేరిన పిల్ల అనుకునేరు. జుట్టు సగం నెరిసింది, కొడుకు కాలేజీలో ఉన్నాడు. వసపిట్ట మానేసిన ఖాళీలో చేరినప్పుడు పెట్టిన పేరు అలాగే ఉండిపోయింది. నిదానం గారు దిగిపోతూ గదిని ఆవిడకే అప్పగించాడు. అలాంటి మనిషి వచ్చి, చెప్పులు విప్పి, కుర్చీలో కూలబడి, మంచినీళ్ళు కూడా తాగకుండా ఏడుపు మొహం పెట్టింది.

సంగతేమిటంటే, కంపెనీలో పైవాళ్ళు మారారు. ఎవరెంత పని చేస్తున్నారో తేల్చడానికి ఒక అధికారిని వేశారు. ఆయనకు ఆఫీసంతా కలిసి గడియారం అని పేరు పెట్టారు. మనిషి చెడ్డవాడేం కాదు, నవ్వుతూనే మాట్లాడతాడు, కానీ ఆయన కొలతకి ఆ గది అందలేదు. అక్కడున్న ఆరుగురూ రాసే పేజీలు తక్కువ, అర్థం కాలేదని కొన్నవాళ్ళ దగ్గర్నుంచి తిరిగొచ్చే పుస్తకాలు ఎక్కువ. ఇలా ఒకచోట గుంపుగా కూర్చోబెట్టడం దండగ, ఆరుగుర్నీ ఆరు విభాగాలకి పంచేసి, గదిని సామాన్ల కొట్టు చేద్దామని పైవాళ్ళు తీర్మానం దాకా వచ్చారు. కొత్తమ్మాయి కాళ్ళావేళ్ళా పడితే ఒక్క అవకాశం ఇచ్చారు. నెలలు నిండకుండా పుట్టిన పసిబిడ్డల్ని వెచ్చగా ఉంచే పెట్టె ఒకటి కొత్తగా చేస్తున్నారు. దాని పుస్తకం అనుకున్న రోజుకి పూర్తవ్వాలి. ఆస్పత్రి నుంచి ఒక నర్సును పిలిపించి, పుస్తకం ఆవిడ చేతికిచ్చి, ఎవరూ నోరెత్తకుండా చూస్తారు. పుస్తకం చదువుకుని ఆవిడ పెట్టెను నడపగలిగితే గది ఉంటుంది, లేకపోతే లేదు.

“మీ రోజుల్లో అంత పని ఎలా చేశారో మా వాళ్ళకొచ్చి చెప్పండి సార్. నేను చెప్తే కథల్లా వింటున్నారు,” అంది.

నిదానం గారికి ఇంతకంటే ఏం కావాలి! ఆ రాత్రి అన్నం కూడా నిలబడే తిన్నంత పని చేశాడు. తెల్లారి ఇస్త్రీ చొక్కా వేసుకుని, దారిలో దుకాణంలో ఒకే రకం గ్లాసులు కొని, సంచీలో గలగలలాడించుకుంటూ బస్సెక్కాడు.

గది పెద్దగా మారలేదు. అవే ఉత్తరం కిటికీలు, వర్షానికి చెమ్మెక్కే అదే గోడ. తన బల్ల ఉన్న చోట ఒక కుర్రపిల్ల చెవుల్లో పాటలు పెట్టుకుని టైపు చేస్తోంది. అది చూసి ఆయన ఒక్క నిమిషం కిటికీ దగ్గర నిలబడి, ముక్కు చీదుకుని, ఆ తర్వాత మొదలుపెట్టాడు. గ్లాసు కథ మొత్తం చెప్పాడు. ఎవరి సీసాలు వాళ్ళకున్నా సరే, తలా ఒక గ్లాసు ఇచ్చాడు. సీసా బోర్లిస్తే నిలబడదు కదా సార్ అని ఆ కుర్రపిల్ల నవ్వింది గాని, గ్లాసు తీసుకుంది.

పొద్దున బోర్లిస్తే సాయంత్రం ఇంటికెళ్ళేటప్పుడు ఎత్తడమే. మొదటి రెండు రోజులు ఇబ్బందిపడ్డారు, తర్వాత అలవాటు పడ్డారు. గదిలో కీబోర్డుల చప్పుడు, ఫ్యాను చప్పుడు తప్ప ఇంకో చప్పుడు లేదు. రెండో వారానికి పేజీల లెక్క ఎగబాకింది. గడియారం గారు స్వయంగా వచ్చి, గుమ్మంలో నిలబడి, వేలు నోటిమీద పెట్టుకుని చూసి, బయటికెళ్ళి నిదానం గారి చెయ్యి పట్టుకుని ఊపేశాడు. ఇలాంటి పాతకాలపు తెలివి మా పుస్తకాల్లో లేదండీ అన్నాడు. ఆ మాటతో మనవాడికి భూమ్మీద కాలు ఆనలేదు. రోజూ ఆఫీసుకి వెళ్ళి ఓ మూల కుర్చీలో కూర్చుని, ఆ నిశ్శబ్దాన్ని కళ్ళారా చూసి వచ్చేవాడు.

ఒక సాయంత్రం ఆరేసిన బట్టలు మడతపెడుతూ, మధ్యాహ్నం పూట వాళ్ళేం చేస్తున్నారని అడిగింది ఆవిడ.

మధ్యాహ్నమైనా అంతేనని ఆయన గర్వంగా చెప్పాడు. అన్నాలు కూడా ఎవరి బల్ల దగ్గర వాళ్ళే తినేస్తున్నారట. మన రోజుల్లో కూడా ఇంత నిశ్శబ్దం లేదు తెలుసా అన్నాడు.

“లేదు,” అంది ఆవిడ. ఇంకేదో అనబోయి, ఆయన మొహంలో వెలుగు చూసి ఊరుకుంది. మడతపెట్టిన బట్టలు బీరువాలో పెట్టడానికి వెళ్ళిపోయింది.

పరీక్ష రోజు రానే వచ్చింది. నర్సమ్మ పొట్టిగా, చురుగ్గా ఉంది. పిల్లల వార్డులో ఇన్నేళ్ళు చేశాను, ఈ పెట్టె ఎంతలే అన్నట్టు చేతులు కడుక్కుని వచ్చింది. పెట్టెలో రబ్బరు బొమ్మను పడుకోబెట్టారు. గడియారం గారు, పైవాళ్ళిద్దరు, కొత్తమ్మాయి, ఆరుగురు రచయితలు, మూల కుర్చీలో నిదానం గారు. నర్సమ్మ మొదటి పేజీ తీసింది. నీళ్ళ పళ్ళెం నింపమంటే నింపింది. బొమ్మను పెట్టమంటే పెట్టింది. మూత వెయ్యమంటే వేసింది. తర్వాతి పేజీలో, “ఇంతకు ముందు వెలిగిన ఆకుపచ్చ దీపం ఆరిపోయిందో లేదో చూడండి,” అని ఉంది. నర్సమ్మ పెట్టెను చూసింది, పుస్తకాన్ని చూసింది. వెనక్కి తిప్పింది, ముందుకి తిప్పింది. దీపం వెలిగించమని ఎక్కడా లేదు. అసలు స్విచ్చే వెయ్యలేదు కదా వెలగడానికి!

ఆవిడ పుస్తకం మూసి బల్ల మీద పెట్టింది. “ఇది నిజం బిడ్డయితే ఈపాటికి చల్లబడిపోయేదమ్మా,” అంది మెల్లగా. కొత్తమ్మాయి తల దించుకుంది. ఎవరి మొహంలోనూ నెత్తురుచుక్క లేదు.

తర్వాత విచారిస్తే తేలింది. నీళ్ళ పేజీలు రాసినవాడు, స్విచ్చి సంగతి దీపం పేజీలు రాసేవాడు చెప్తాడనుకున్నాడు. దీపం పేజీలు రాసినవాడు, ముందు పేజీల్లో చెప్పేసి ఉంటారనుకున్నాడు. ఇద్దరికీ అనుమానం వచ్చింది. ఇద్దరూ ఒకరి బల్ల వైపు ఒకరు చూశారు కూడా. గ్లాసులు బోర్లా ఉన్నాయి. పుస్తకం మొత్తం చదివిన మూడోవాడికీ ఎక్కడో తేడా కొట్టింది, పెద్దవాళ్ళు చూసుకుంటారులే అనుకున్నాడు. ఎవరికి వారే యమునా తీరే! అదే తప్పు ఏ ఒక్కడిదైనా అయితే వాణ్ణి నాలుగు తిట్టి ఊరుకోవచ్చు. తిలా పాపం తలా పిడికెడు అయితే ఎవర్ని తిడతావు? గడియారం గారు మర్యాదగానే ఇంకొక్క వారం గడువిచ్చి వెళ్ళాడు. కానీ ఆయన వెంట వచ్చినవాళ్ళు వెళ్తూ వెళ్తూ గది పొడుగూ వెడల్పూ కళ్ళతో కొలుచుకోవడం అందరూ చూశారు.

ఆ సాయంత్రం నిదానం గారు ఇంటికొచ్చి చొక్కా విప్పకుండా మంచం మీద కూర్చున్నాడు. అన్నం వద్దన్నాడు. ఇప్పటి పిల్లలకు బాధ్యత లేదన్నాడు. మన కాలంలో ఇలాంటి తప్పు ఒక్కటంటే ఒక్కటి బయటికి పోలేదన్నాడు. ఆవిడ ఎదురుగా స్టూలు లాక్కుని కూర్చుంది. వాళ్ళని అనకండి అంది. మీరు చెప్పిందే వాళ్ళు చేశారు, మీరు సగమే చెప్పారు అంది.

సగమేమిటన్నాడు ఆయన. మొదలు పెట్టిందే తనైతే తనకు తెలియని సగం ఎక్కడిదని కాస్త కోపం కూడా తెచ్చుకున్నాడు.

“నేను మధ్యాహ్నం గ్లాసుల్లో నీళ్ళెందుకు పోసేదాన్ననుకున్నారు?”

దాహానికి, అన్నాడు ఆయన. ఇంకెందుకు పోస్తారు?

“నీళ్ళున్న గ్లాసుని బోర్లించలేరు కదండీ. అందుకు పోసేదాన్ని.”

ఆవిడ చెప్పుకుపోయింది. తను చేరినప్పుడు ఆ గది పొద్దస్తమానం ఇలాగే ఉండేదట. పక్కవాణ్ణి ఏదైనా అడగాలంటే టీ ఖర్చుకి భయపడి, ఎవరికి తోచింది వాళ్ళు రాసేసేవారట. ఎవరి వాక్యం వారికి బ్రహ్మాండంగా ఉండేది, అన్నీ కలిపితే పుస్తకం కుంటేది. అడగనిదే అమ్మైనా పెట్టదు గాని, ఈ గదిలో అడిగితే డబ్బు కట్టాలా అని ఆవిడకి నవ్వొచ్చింది. కొత్తగా చేరిన పిల్ల, పెద్దవాళ్ళతో మీ ఆచారం తప్పని చెప్పలేదు కదా. అందుకని జగ్గు పట్టుకుంది. నీళ్ళు పోసి, వంగి, ఇక్కడేం రాశారు, ఇది నాకర్థం కాలేదే అని వాగడం మొదలెట్టేది. ఒకళ్ళు జవాబు చెప్తే పక్కవాడు కాదనేవాడు, ఎదుటివాడు లేచి వచ్చేవాడు. సాయంత్రందాకా ఆ గోలే. పొద్దున రాసిందాంట్లో సగం ఆ గోలలోనే కొట్టేసేవారు. మిగిలిన సగం బాగుండేది.

ఆ గోల ఆయనకు గుర్తుంది. గుర్తులేకేం! భలే రోజులని, నవ్వుకునేవాళ్ళమని రోజూ పార్కులో చెప్పేది ఆ గోల గురించే. కానీ అది పనికి విరామం అనుకున్నాడు. అదే పనని ఇన్నేళ్ళలో ఒక్కసారీ తట్టలేదు. ఆయన తలవంచుకుని చొక్కా గుండీ తిప్పాడు. తనను తొలుస్తున్నది అది కాదన్నట్టు, వేరే మాట అడిగాడు.

“మరి ముందు నాకే ఎందుకు పోసేదానివి?”

ఆవిడకి నవ్వాగలేదు. “గది మొత్తానికి మహా మొండిఘటం మీరే కాబట్టి. మిమ్మల్ని కదిపితే గాని మిగతావాళ్ళు కదిలేవాళ్ళు కాదు.”

అయితే అదంతా ప్రేమ కాదా అన్నాడు ఆయన, చిన్నపిల్లాడిలా. పాపం, జీవితమంతా చెప్పుకు తిరిగిన కథాయె.

ప్రేమ తర్వాత వచ్చిందిలెండి అంది ఆవిడ. ఒక రోజు మీరు నా నీళ్ళు తాగి, కాగితం నావైపు తిప్పి, ఇక్కడ నాకేం తోచడం లేదు, నువ్వేమంటావు అన్నారు. అంత పెద్ద పొగరుబోతు అలా అడిగేసరికి నా గుండె నీరైపోయింది, ఆ రోజు ఇంటికెళ్ళి మా అమ్మకి చెప్పాను అంది. ఆయనకు ఆ రోజు ఎంత తవ్వినా గుర్తుకు రాలేదు. అది గుర్తుకు రానందుకు ఆయనకు ఏడుపొచ్చినంత పనైంది.

మర్నాడు ఆయన బతిమాలితే ఆవిడ బయల్దేరింది. నాకేం తెలుసండీ, మానేసి ముప్పయ్యేళ్ళ పైమాటే అని గునుస్తూనే మంచి చీర తీసింది. కంపెనీ గేటు దాకా ఇద్దరూ కలిసే వెళ్ళారు. అక్కడ ఆవిడ ఆగి, మీరింక ఇంటికెళ్ళండి అంది. మీరు మూల కుర్చీలో ఉంటే వాళ్ళు నోరు విప్పరు. మెత్తగానే అంది గాని, ఆయనకు చెంపమీద కొట్టినట్టయింది. తన గదికి తననే రావద్దంటోంది! ఏమీ అనలేక, ఎదురుగా ఆగిన బస్సెక్కేశాడు. అది ఇంటికెళ్ళే బస్సు కాదని నాలుగు స్టాపులు పోయాక చూసుకున్నాడు.

అక్కడ గదిలో ఏం జరిగిందో తర్వాత కొత్తమ్మాయి ఫోను చేసి చెప్పింది. అక్క వచ్చి పాఠమేం చెప్పలేదట. గ్లాసుల జోలికే పోలేదట. పాటలు వినే కుర్రపిల్ల పక్కన కుర్చీ వేసుకుని, కళ్ళజోడు పెట్టుకుని, పుస్తకం పైకి చదవడం మొదలెట్టిందట. నాకు ఈ పెట్టె సంగతి బొత్తిగా తెలీదమ్మా, ఇక్కడ నీళ్ళు ఎంత పొయ్యాలి అంటే ఆ పిల్ల చెప్పిందట. అవి పొంగితే ఏమవుతుంది అంటే తెలీదందట. తెలిసినవాడు రెండు బల్లల అవతల ఉన్నాడు. అడుగు మరి అందట అక్క. ఆ పిల్ల లేచి అడిగేసరికి వాడి మొహం తెల్లబోయింది, ఎందుకంటే పొంగితే ఏమవుతుందో వాడూ రాయలేదు. ఇక అక్కణ్ణుంచి తేనెతుట్టె కదిలినట్టే. రెండో రోజుకి ఒకడి మీద ఒకడు అరుచుకున్నారు, మూడో రోజుకి నవ్వుకున్నారు. పొద్దున పూట మాత్రం గ్లాసులు బోర్లించుకునే ఉన్నారట. అది బాగుంది సార్, అది మీదే అంది కొత్తమ్మాయి, ఆయన మనసు కష్టపెట్టడం ఇష్టం లేక.

మళ్ళీ నర్సమ్మ వచ్చింది. ఈసారి నిదానం గారు వెళ్ళలేదు, ఇంట్లో ఫోను పక్కనే కూర్చున్నాడు. మధ్యాహ్నం దాటాక కబురొచ్చింది. నర్సమ్మ ఎక్కడా ఆగలేదట. దీపం వెలిగింది, ఆరింది, గంట మోగింది, బొమ్మ వెచ్చబడింది. చివరి పేజీ అయ్యాక, దీన్ని మా వార్డుకి ఎప్పుడు పంపిస్తారని అడిగిందట. గది ఉంటుంది. పేజీలకన్నా తిరిగిరాని పుస్తకాలు లెక్కపెట్టడం మేలేమో ఆలోచిస్తానని గడియారం గారు అన్నాడట. ఇంకో మాట కూడా ఉంది. రోజూ మధ్యాహ్నాలు అక్కని పంపిస్తారా అని అడిగింది కొత్తమ్మాయి. జీతం కూడా ఇస్తారట.

నిదానం గారు ఎందుకు పంపను అన్నాడు. మనస్ఫూర్తిగానే అన్నాడు. గది నిలబడినందుకు ఆయనకు ఎంత సంతోషమయిందో ఆ దేవుడికే తెలుసు.

ఆ మర్నాటి నుంచి ఆవిడ అన్నం తిని, కంచం కడిగి, బస్సుకి వెళ్ళిపోయేది. ఆయనకు మధ్యాహ్నాలు ఒంటరిగా మిగిలాయి. మొదటి రోజు పేపరు మొత్తం చదివాడు. రెండో రోజు పడుకుని లేచాడు. మూడో రోజు ఎండ తగ్గకముందే పార్కుకి వెళ్ళాడు. బెంచీ మీద పాత నేస్తం ఒకాయన ఉన్నాడు, ఆ కథలన్నీ విని విని నోటికొచ్చినవాడు. నిదానం గారు గొంతు సవరించుకోగానే ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు.

“అవన్నీ విన్నవే గురువుగారూ. మీరు ఆఫీసరయ్యాక జరిగినవి ఏమైనా చెప్పండి.”

దానికేం భాగ్యమని మొదలుపెట్టబోయాడు. మోటారు మీద పుస్తకం రాస్తూ నీళ్ళ తొట్లో పడిన పెన్సిలాయన కథ? అది వసపిట్ట ఉన్నప్పటిది. ఇద్దరు పెద్దమనుషులు ఒక్క మాట కోసం వారం రోజులు పోట్లాడుకుని చివరికి ఆ మాటే కొట్టేసిన కథ? అదీ అప్పటిదే. తూకం యంత్రం మీద అందరూ ఎక్కి చూసుకున్న మధ్యాహ్నం? అదీ అంతే. ఆవిడ మానేశాక ఆ గదిలో ఆయన ఇరవై ఏళ్ళకి పైగా పనిచేశాడు, అందులో ఎక్కువ కాలం పెద్ద కుర్చీలోనే. పుస్తకాలు తిరిగొచ్చేవి. కొత్తగా చేరేవాళ్ళలో సత్తా లేదనుకునేవాడు. మధ్యాహ్నాలు గ్లాసులు బోర్లానే ఉండేవి. అది క్రమశిక్షణ అనుకునేవాడు. ఎంత వెనక్కి వెళ్ళి వెతికినా, ఆ ఇరవై ఏళ్ళలో చెప్పుకోవడానికి ఒక్క కథ కూడా దొరకలేదు.

ఏమైంది గురువుగారూ అన్నాడు నేస్తం. ఏం లేదన్నాడు ఆయన. తలనొప్పిగా ఉందని లేచాడు.

ఇంటికొచ్చి గడప మీద కూర్చున్నాడు. చీకటి పడే వేళకి ఆవిడ వీధి మలుపు తిరిగింది. ఎవరితోనో ఫోనులో మాట్లాడుతూ, చెయ్యి తిప్పుతూ, పగలబడి నవ్వుతూ వస్తోంది. ఆయన్ని చూసి ఫోను పెట్టేసింది. ఏమండీ, ఇక్కడ కూర్చున్నారేం, తలుపు తాళం పడిందా అంది.

ఆయన పక్కకి జరిగి ఆవిడకి చోటిచ్చాడు. ముప్పయ్యేళ్ళ పైనుంచీ ఆ ఇంట్లో సాయంత్రం ఇంటికొచ్చి కబుర్లు చెప్పింది ఆయన, విన్నది ఆవిడ. తన రోజెలా గడిచిందని ఆవిడని ఒక్కసారైనా అడిగాడో లేదో ఆయనకు గుర్తు లేదు.

“కూర్చో,” అన్నాడు. “ఇవాళ గదిలో ఏం జరిగింది? అంతా చెప్పు.”

ఆవిడ ఒక్క క్షణం ఆయన మొహంలోకి చూసింది. చెప్పులు విప్పి పక్కన కూర్చుని, చెప్పడం మొదలుపెట్టింది.